బుచ్చమ్మవ్వ నేర్పిన ‘మనం’

గుండ్ల బుచ్చమ్మను మాలినీ అప్పయ్య మొట్టమొదట చూసిన ఉదయం, ఆమె ఖాజాగూడ చెరువుకు అవతల ఉన్న రేకుల బడి ముందు నిలబడి, నీళ్ల ట్యాంకరు డ్రైవరుతో జగడమాడుతున్నది. చంకలో ఒక పసివాడు. కొంగు పట్టుకొని ఒక పిల్ల. ట్యాంకరు వెనక్కు రావలసిన దారికి అడ్డంగా పిల్లల చెప్పులు చెల్లాచెదరుగా పడి ఉన్నాయి. వాటిని తీయించమని డ్రైవరు, తొక్కితే ఊరుకోనని బుచ్చమ్మ. వాదం కొంతసేపు సాగి, చివరకు డ్రైవరే కిందికి దిగి, గొణుక్కుంటూ చెప్పులన్నిటినీ ఏరి గోడవారకు చేర్చవలసి వచ్చింది.

“జతకు జత పెట్టు. ఒకరివి ఒకరికి పోతే మల్ల నిన్నే పిలుస్త,” అన్నది బుచ్చమ్మ.

పెట్టెలు పట్టుకొని గేటు దగ్గర నిలబడ్డ ఇద్దరు అమ్మాయిలను ఆమె అప్పుడు గాని గమనించలేదు.

“మీరేనా సముద్రం దాటొచ్చిన పిల్లలు? ప్రవీణ మేడం చెప్పింది. చెప్పులిడిచి లోపలికి రాండ్రి.”

విమానంలో దారి పొడుగునా వల్లించుకున్న వాక్యాలను మాలిని తడబడకుండా అప్పగించింది. “నమస్కారమండీ. మేము మారిషస్ దేశము నుండి వచ్చితిమి. మేము మీ పిల్లలకు ఆటలు, పాటలు నేర్పుదుము.”

బుచ్చమ్మ ఆమెను ఎగాదిగా చూసి, చంకలోని పసివాడితో అన్నది: “ఇన్నవారా? ఈ అక్క వార్తలు సదువుతది.”

మాలిని తెలుగు అలా ఉండటానికి కారణం ఆమె తాత. మారిషస్‌లో చెరకు తోటల నడుమ ఉన్న తమ ఊరిలో ఆయన సాయంత్రాలు పిల్లలను పోగుచేసి, పాత వాచకాలతో తెలుగు నేర్పేవాడు. ఇంట్లో అందరూ మాట్లాడేది అక్కడి క్రియోల్ భాష. తెలుగు పూజలకూ పాఠాలకూ మాత్రమే. అందువల్ల ఆమెకు తెలుగు వచ్చు గాని, తెలుగులో కూరగాయలు బేరమాడటం రాదు. వెంట వచ్చిన క్లేర్ ఆమెతో పాటు అక్కడి శిశువిద్యాలయంలో పనిచేసే స్నేహితురాలు. క్లేర్‌కు తెలుగు ఒక్క ముక్క రాదు. ఇద్దరి తరఫునా మాలినియే మాట్లాడాలి. ‘మేము’ అనే మాట ఆమె నాలుకపై అంతగా ఆడటానికి అదీ ఒక కారణం.

ఆ రేకుల బడి, చుట్టుపక్కల లేస్తున్న మేడల్లో పనిచేసే కూలీల పిల్లలది. తల్లిదండ్రులు పొద్దున్నే పనికి పోతూ దింపిపోతారు. సాయంత్రం సిమెంటు చేతులతో వచ్చి తీసుకుపోతారు. ఉద్యోగం మానుకొని ప్రవీణ ఇలాంటి బడులను కొన్నిటిని నడుపుతున్నది. వారానికొకసారి వచ్చి చూసిపోతుంది. అక్షరాలు దిద్దించేది తెనాలి నుండి వచ్చి లింగంపల్లిలో స్థిరపడిన మెర్సీ టీచరు. మిగిలినదంతా, అంటే వంట, స్నానం, దెబ్బకు పసుపు, ఏడుపుకు ఒడి, తగవుకు తీర్పు, ఇవన్నీ బుచ్చమ్మవి. పిల్లలకు ఆమె అవ్వ. ఆమె కొడుకు వేణు ఆఫీసుల వాళ్లను రాత్రింబగళ్లు తిప్పే క్యాబు డ్రైవరు. “ఇగ నువ్వు ఇంట్ల కూసోరాదే,” అని కొడుకు అన్నప్పుడల్లా, “కూసుంటె మోకాళ్లు పట్టుకుంటయి,” అని ఆమె బడికే వచ్చేది.

బుచ్చమ్మ పుట్టింది ఖాజాగూడలోనే. ఆమె తండ్రి ఆ గుండ్ల మధ్య బర్రెలను మేపినవాడు. ఆమె యౌవనంలో ఉండగా మేడలు కట్టటం మొదలైంది. అప్పటినుండి తల మీద తట్ట దిగలేదు. ఏ అద్దాల మేడను చూపించి అడిగినా, అందులో ఏ కంపెనీ ఉన్నదో ఆమె చెప్పలేదు. తాను ఏ అంతస్తు వరకు ఇసుక మోసిందో చెప్పగలదు. ఒకనాడు ఆమె, బియ్యంలో రాళ్లు ఏరుతూ, కిటికీలోంచి కనిపిస్తున్న ఒక ఎత్తైన కట్టడాన్ని గడ్డంతో చూపింది.

“దాని స్లాబు పోసే నాడు మా వేణు నడక నేర్సిండు. గుంతల పడతడని, చీరె పేలిక తోని కాలు గుంజకు కట్టేసి పోయేదాన్ని. మల్లొచ్చి చూస్తె, కట్టు ఎంత పొడుగుంటదో అంత మేర ఇసుకల అడుగులు. గుండ్రంగ. గానుగెద్దు తిరిగినట్టు.”

బుచ్చమ్మ ఒక రాయిని ఏరి కిటికీ బయటకు విసిరి, “అందుకే ఈడికొచ్చిన,” అని మళ్లీ చేటలోకి వంగింది.

ఆ మొదటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, అన్నాల వేళ, మాలిని ఎప్పటిలాగే మర్యాదగా అన్నది: “మీ పిల్లలు భోజనము చేసినారు. మేము తరువాత చేయుదుము.”

బుచ్చమ్మ గరిటె గిన్నెలో పడేసింది.

“మీ పిల్లలేంది? మేమేంది? నువ్వు వేరే, వీళ్లు వేరేనా?”

“తప్పు పలికానా అవ్వా?”

“తప్పే. మా, మీ అనేటివి సూపర్‌వైజర్ల మాటలు. ‘మీ పోరగాండ్లను అవుతలికి తీస్కపోండ్రి’ అనేటోళ్లు. విని విని చెవులు మండినయి. ఈ గోడ లోపల మా లేదు, మీ లేదు. మన పిల్లలు. మనం తింటం. గట్లను.”

మాలిని మంచి విద్యార్థిని. చెప్పినదాన్ని నియమంగా గ్రహించటం ఆమెకు తాత చేసిన అలవాటు. ‘మేము’ మోటు, ‘మనం’ మర్యాద. అంతే ఆమెకు అర్థమైంది. తెలుగులో ‘మనం’ అన్నప్పుడు ఎదుటివారు కూడా అందులో చేరతారనీ, ‘మేము’ అన్నప్పుడు వారు బయటే ఉంటారనీ, ఇది మర్యాదకు సంబంధించినది కాదు, లెక్కకు సంబంధించినదనీ ఆమెకు తట్టలేదు. క్రియోల్‌లో రెండింటికీ ఒకటే మాట. తాత వాచకంలో ఈ భేదం ఉండే ఉంటుంది. కాని చిన్ననాడు పరీక్షకు చదివి మరచిపోయిన పాఠాలు అందరికీ ఉంటాయి.

ఆనాటినుండి ఆమె నోట ‘మేము’ వినపడలేదు. “మనకు జలుబు చేసింది,” అనేది. “మనం నిన్న తెల్లాపూర్‌లో చర్చికి వెళ్లాం, క్లేర్ కోసం,” అనేది. విన్నవాళ్లు సరిదిద్దలేదు, ఎందుకంటే ఈ ఊళ్లో ఆటో డ్రైవరు సైతం తనొక్కడే ఉండి “మనకు ఆ దారి తెల్వది,” అంటాడు. పైగా మెర్సీ టీచరు, “మాలిని గారూ, మీ తెలుగు భలే దారిలో పడిందండీ!” అని మెచ్చుకున్నది. బుచ్చమ్మ అయితే పొంగిపోయి, కూరగాయలామెకు కూడా చెప్పుకున్నది: “నేనే నేర్పిన.”

వానాకాలం గడిచి చలి మొదలైంది. మాలిని, క్లేర్ తిరిగి వెళ్లవలసిన ఆదివారం దగ్గరపడింది. ఈ సంగతి పిల్లలకు చెప్పటమెలా అన్నది మాలినికి మింగుడు పడలేదు. ఆమె సరదాకు, “మధ్యాహ్నం అందరూ పడుకున్నప్పుడు వెళ్లిపోతే ఏడ్పులు ఉండవు కదా అవ్వా,” అన్నది.

బుచ్చమ్మ దానిని సరదాగా తీసుకోలేదు.

“నీకన్న ముందు ఒకామె వచ్చింది. పాటలు మంచిగ పాడేది. గట్లనే పోయింది, పిల్లలు పండుకున్నంక. లేసి, బల్లల కింద, బాత్రూముల, అంతట దేవులాడిండ్రు. ఎన్ని దినాలు ఆటో సప్పుడైతే గేటు కాడికి ఉరికిండ్రో నీకు తెల్వది. దొంగలెక్క పోవద్దు. ముందుగాల చెప్పు. ఏడిస్తె ఏడ్వనియ్. నీ ముందల ఏడిస్తె నువ్వే ఊకుంచొచ్చు.”

కాబట్టి సోమవారం మాలిని ధైర్యం కూడగట్టుకున్నది. ఆ రోజే కోడలిని దవాఖానలో చేర్చి, బుచ్చమ్మ మూడు రోజులు అక్కడే ఉండిపోయింది. మెర్సీ టీచరు చెల్లెలి పెళ్లికని తెనాలి వెళ్లి ఉన్నది. క్లేర్ ముందే చేతిరుమాలు తీసి పట్టుకొని, కిటికీ పక్కన సిద్ధంగా కూర్చున్నది. మాలిని చాప మీద పిల్లల మధ్య కూర్చొని, ఒక్కొక్క మాటనూ తూచి పలికింది.

“పిల్లలూ, ఒక ముఖ్యమైన సంగతి. వచ్చే ఆదివారం మనం మారిషస్ వెళ్తున్నాం. విమానంలో.”

పైకప్పు రేకులు అదిరేటట్లు కేక పుట్టింది. చాప మీద ఎగిరినవాళ్లు కొందరు, ఒకరినొకరు కౌగిలించుకున్నవాళ్లు కొందరు. కృష్ణప్రియ అనే పిల్ల, పదాలు రాయటంలో అందరికన్నా ముందుండేది, ఎప్పుడూ నవ్వనిది, రెండు చేతులూ చాచి విమానంలా గది చుట్టూ తిరిగింది.

క్లేర్ చేతిరుమాలు మడిచి సంచిలో పెట్టుకున్నది. “మనం వెళ్తున్నందుకు ఇంత సంతోషమా వీళ్లకు?” అని తమ భాషలో అడిగింది.

“పిల్లలు మనం అనుకున్నదానికన్నా గట్టివాళ్లు,” అన్నది మాలిని. ఆ మాట అన్నాక గుండె మీది బరువు దిగినట్లయింది. లోపల ఎక్కడో ఒక చిన్న ముల్లు గుచ్చుకున్న మాట నిజమే గాని, పిల్లలు ఏడవలేదన్న ఊరట ముందు దానిని ఆమె లెక్కచేయలేదు. సాయంత్రం బుచ్చమ్మ ఫోను చేసి, “చెప్పినవా? ఏడ్చిండ్రా?” అని అడిగితే, “చెప్పాను. ఒక్కరూ ఏడవలేదు,” అన్నది గర్వంగా. “అయితే మంచిదే,” అన్నది బుచ్చమ్మ, కొంత అనుమానంగానే.

మరునాటినుండి పిల్లలు ప్రశ్నలతో ఆమెను చుట్టుముట్టారు.

“అక్కా, ఆడ అన్నం ఉంటదా, రొట్టెలేనా?”

“అక్కా, విమానంల ఒంటికొస్తె ఎట్ల? ఆపుతరా?”

“సముద్రంల చేపలు కరుస్తయా?”

తన దేశం మీద పిల్లలకు ఇంత ఆసక్తి కలిగినందుకు మాలిని మురిసిపోయి, నల్లబల్ల మీద ద్వీపం బొమ్మ గీసి, చెరకు తోటలు ఎక్కడ, తాత ఇల్లు ఎక్కడ, అన్నీ చూపింది. “తాత ఇల్లు పెద్దగుంటదా? ఇంతమంది పడతరా?” అని ఒకడు అడిగితే, “పడతారు, వరండా పెద్దది,” అని నవ్వుతూ చెప్పింది. కృష్ణప్రియ తన గులాబీరంగు క్లిప్పులు రెండూ జడ నుండి తీసి, పక్కన కూర్చునే బ్లెస్సీకి ఇచ్చేసింది. అవ్వ దవాఖాన నుండి వచ్చాక అన్నాల వేళ ఆమె పక్కన కూర్చునే చోటును కూడా దానికే ఇచ్చేసింది. ఆ చోటు కోసం ఆ పిల్ల ఎంతమందిని గిల్లిందో తెలిసిన మాలిని ఆశ్చర్యపోయింది.

“క్లిప్పులు ఎందుకిచ్చావు ప్రియా?”

“ఆడ నాకు కొత్తయి కొంటవు గద?”

అక్కడినుండి పంపమంటున్నది కాబోలు అనుకొని, “తప్పకుండా కొంటాను,” అన్నది మాలిని.

గురువారం పొద్దున గోడవారన చెప్పులు లేవు. ఒక్క పిల్లా రాలేదు. దవాఖాన పని ముగించుకొని ఆనాడే బడికి వచ్చిన బుచ్చమ్మ, పొయ్యి మీద ఉప్మా పెట్టి, మూత తీసి, మళ్లీ పెట్టి, గేటు వైపు చూసింది. “పండుగ గిట్ల లేదు గదా ఇయ్యాల?”

జవాబు గేటు దగ్గరనుండి వచ్చింది. కూలికి పోయే వేళ పని మానుకొని పది పన్నెండు మంది తల్లులు గుంపుగా వస్తున్నారు. అందరికంటే ముందు కృష్ణప్రియ తల్లి అనంతమ్మ. ఆమె చేతిలో ఒక గుడ్డ సంచి.

“బుచ్చమ్మక్కా! నువ్వున్నవనే నమ్మి పిల్లలను తోలిచ్చినం. ఇదేంది మరి?” అని సంచిని గడప మీద బోర్లించింది. రెండు గౌన్లు, ఒక దువ్వెన, పలక, అరటిపండు. “నా బిడ్డ ఆదివారం విమానమెక్కుతదంట! ఎవరినడిగి తీస్కపోతున్నరు?”

“నా కొడుకు రాత్రి బువ్వ తినలే. విమానంల పెడతరట, ఆకలి దాసుకుంటున్నడు,” అన్నది ఇంకొకతె.

వెనుకనుండి మరొక గొంతు: “పిల్లలను దేశాలు దాటిచ్చి అమ్ముకుంటరంట. మా సైటు మీద అందరంటున్నరు.”

ఆ మాటతో బుచ్చమ్మ ముఖం నల్లబడింది. పనులమీద వచ్చి పోయే కుటుంబాలు పసిపిల్లలను పరాయి చేతుల్లో పెట్టటం సులువు కాదు. ఒక్కొక్క గుడిసెకు నడిచి, ఒక్కొక్క తల్లితో తన వేణు కాలికి కట్టిన చీర పేలిక కథ చెప్పి, ఆమె ఆ నమ్మకాన్ని సంపాదించింది. ఈ తల్లులు ఇవాళ పిల్లలను వెనక్కు తీసుకుపోతే, రేపు ఆ పిల్లలు మళ్లీ ఇసుక కుప్పల దగ్గరే ఉంటారు.

ఆమె మాలిని వైపు తిరిగింది. కోపంగా కాదు, అదే మాలినిని ఎక్కువ భయపెట్టింది.

“నువ్వేం చెప్పినవ్ బిడ్డా? ఒక్క అక్షరం మార్చకుంట, అన్నది అన్నట్టు మల్ల చెప్పు.”

మాలిని చెప్పింది: “వచ్చే ఆదివారం మనం మారిషస్ వెళ్తున్నాం.”

బుచ్చమ్మ రెండు చేతులతో నుదురు కొట్టుకున్నది.

“నా నోరు పడ! మనం అన్నవా? మనం అంటే వీళ్లు గూడ గదే!”

“మీరే కదా అవ్వా, ‘మేము’ అనవద్దన్నారు?”

“తినేటప్పుడు వద్దంటి! పోయేటప్పుడు గాదు!”

మాలినికి అప్పుడు అర్థమైంది. ఆ కేకలు, ఆ ప్రశ్నలు, క్లిప్పులు, తాత ఇంటి వరండా, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. బుచ్చమ్మ అప్పటికే తల్లులతో మాట్లాడుతున్నది.

“ఇనుండ్రి. ఈ పిల్ల పోతది, ఆ తెల్ల చొక్క పిల్ల పోతది. అంతే. ఇంకెవరు పోరు. తప్పు ఈ పిల్లది గాదు, నాది. మా, మీ అనొద్దని నేనే నేర్పిన. అన్నిట్ల మనం, మనం అనమన్న. పోయేటప్పుడు ఏమనాల్నో నేర్పలే. దీని తెలుగుల తప్పే గాని, మనసుల ఏ దోషం లేదు. నా మాట మీద నమ్మకమున్నోళ్లు ఉండుండ్రి, లేనోళ్లు పిల్లలను తీస్కపోండ్రి.”

తల్లులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అనంతమ్మ పెదవులు బిగించి మాలినిని చూసి, “నువ్వు సొంతంగ ఒకసారి చెప్పు. ఎవలు పోతరు?” అని అడిగింది.

“మేము పోతాము. నేను, క్లేర్. మీ పిల్లలు రారు. మీ పిల్లలు మీ దగ్గరే ఉంటారు,” అన్నది మాలిని. ఎన్నో నెలల తరువాత ఆమె నోటి నుండి వచ్చిన ‘మేము’ అది.

అనంతమ్మకు ముందు నవ్వు రాలేదు, ఊపిరి వచ్చింది. వంగి దువ్వెన, గౌన్లు సంచిలో వేసుకుంటూ, అరటిపండు దగ్గరకు వచ్చేసరికి పక్కున నవ్వింది. “రాత్రంత నా బిడ్డ నాకు సుద్దులు చెప్పింది. ‘అమ్మా, నువ్వు ఏడ్వకు, పండుగకు వస్త’ అని!” దానితో గుంపు అంతా తేలికపడింది. “నా కొడుకైతే మేకపిల్లను గూడ తీస్కపోతనన్నడు,” అని ఒకతె. “నా మొగణ్ని గూడ తీస్కపో అక్కా, జర పుణ్యముంటది,” అని మరొకతె. ఆ నవ్వుల మధ్య ఉప్మా మాడిన వాసన వచ్చింది. బుచ్చమ్మ లోపలికి పరుగెత్తింది.

తల్లులకు తీరింది. పిల్లలకు తీరలేదు. మధ్యాహ్నానికి అందరూ వచ్చి చాప మీద కూర్చున్నారు. వార్త ముందే చేరింది. మాలిని వాళ్ల ఎదుట కూర్చొని, “నేను తప్పు చెప్పాను,” అని మొదలుపెట్టింది.

కృష్ణప్రియ లేచి నిలబడింది. “అబద్ధం చెప్పినవ్.”

“అబద్ధం కాదు ప్రియా. తప్పు. ‘మేము’ అనవలసిన చోట ‘మనం’ అన్నాను.”

ఆ పిల్ల దీనిని చాలాసేపు ఆలోచించింది. అబద్ధమైతే ఏం చేయాలో దానికి తెలియదు. తప్పు అయితే తెలుసు.

“నేను తప్పు రాస్తె నువ్వేం జేస్తవ్?”

“మళ్లీ రాయిస్తాను.”

“ఎన్నిసార్లు?”

“సరిగ్గా వచ్చేవరకు.”

“అయితే రాయి.” సుద్దముక్క తెచ్చి చేతిలో పెట్టింది.

మాలిని నల్లబల్ల ముందు నిలబడి రాసింది: మేము వెళ్తున్నాము. మీరు రారు.

“మల్ల రాయి,” అన్నారు వెనుకనుండి. రాసింది. “గీత వంకరొచ్చింది,” అన్నాడొకడు. “వొత్తు సక్కగ పెట్టక్కా, నువ్వే చెప్తవ్ గద,” అన్నది బ్లెస్సీ. కిటికీ పక్కన క్లేర్‌కు విషయం అర్థమై, తానూ లేచి వచ్చి, రాని లిపిలో ఆ వాక్యాన్ని బొమ్మ గీసినట్లు గీసింది. దానిని చూసి పిల్లలు పొర్లి పొర్లి నవ్వారు. ఒక్కొక్క వరుస పూర్తయినప్పుడల్లా అందరూ గట్టిగా చదివారు. మొదట ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. బల్ల కిందిదాకా నిండేసరికి ఆ మాట పద్యం పాదంలా వాళ్ల నోళ్లలో పట్టుబడింది. మేము వెళ్తున్నాము. మీరు రారు. అందులో నొప్పి పోలేదు గాని, మోయదగినంత తేలికైంది.

కృష్ణప్రియ వెనుకనుండి ముందుకు వచ్చి, మొత్తం బల్లను పైనుండి కిందికి పరీక్షించింది. “ఇప్పుడు ‘మనం’ పెట్టి ఒకటి రాయి. కరెక్టుగ.”

మాలిని ఆలోచిస్తుండగా, వంటగది గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్న బుచ్చమ్మ అందించింది: “మనం ఇప్పుడు అన్నం తింటం. రాయి బిడ్డా, చల్లారుతది.”

మాలిని రాసింది. పిల్లలు ఆ వాక్యాన్ని పరిశీలించి, ఇందులో ఉన్నవాళ్లందరూ ఇక్కడే ఉన్నారని నిర్ధారించుకొని, సరేనన్నారు. అందరూ అన్నానికి లేచారు. అవ్వ పక్క చోటు కోసం కృష్ణప్రియ బ్లెస్సీని మోచేత్తో తోసింది. “ఇచ్చేసినవ్ గద?” అన్నది బ్లెస్సీ. “పోతలేను గద!” అన్నది కృష్ణప్రియ. క్లిప్పుల పంచాయితీ కూడా అవ్వ దగ్గరికే పోయింది; తీర్పు ప్రకారం ఒకటి వెనక్కు వచ్చింది, ఒకటి అక్కడే ఉండిపోయింది.

ఆ రెండు మూడు రోజులు మాలినికి నోరు తెరవటానికి లేకపోయింది. ఆమె ఏమన్నా పిల్లలు ఒక్క గొంతుతో, “మనమా? మేమా?” అని నిలదీశారు. పెళ్లి నుండి తిరిగి వచ్చిన మెర్సీ టీచరు నల్లబల్లను చూసి, “ఇదేమిటండీ, ఎవరికి వేశారీ శిక్ష?” అని అడిగింది. సంగతి విని, “అయ్యో, నేనుంటే ఒక్క ముక్కలో సరిచేసేదాన్ని కదండీ!” అని నొచ్చుకున్నది. తరువాత కాసేపు ఆగి, “లేకపోవటమే మంచిదైందేమోలెండి,” అన్నది.

ఆదివారం బడికి సెలవైనా పిల్లలు వచ్చారు. వేణు తన క్యాబును గేటు ముందు నిలిపి, పెట్టెలు డిక్కీలో సర్దాడు. మాలిని చెప్పులు తొడుక్కోబోయి చూసింది: ఎవరో తన జతనూ క్లేర్ జతనూ కలిపి, ముందు భాగాలు గేటు వైపు తిప్పి పెట్టారు. ఇక తడుముకోవలసిన పని లేదు; కాళ్లు పెట్టి నడవటమే. కృష్ణప్రియ, బ్లెస్సీ, చెరొక క్లిప్పుతో, గోడకు ఆనుకొని నిలబడి ఎటో చూస్తున్నారు.

ఏడ్చినవాళ్లు ఏడ్చారు. ఒకడు ఆమె నడుము పట్టుకొని వదలలేదు. అనంతమ్మ వచ్చి విడదీసి ఎత్తుకున్నది. అయితే ఎవ్వరూ బల్లల కింద వెతకలేదు. ఎవరు పోతున్నారో, ఎవరు ఉంటున్నారో అందరికీ తెలుసు. తెలిసి ఏడ్చే ఏడుపుకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటగానే, ఒకడు వెంట తెచ్చుకున్న మేకపిల్లను తరుముతూ ఇద్దరు గేటు వరకు ఉరికి, వెనక్కు వచ్చారు. మాలిని ఆ పరుగును చూసి నిశ్చింతగా కారు ఎక్కింది. క్లేర్ మాత్రం, అవసరం లేదనుకున్న చేతిరుమాలును సంచి అడుగునుండి వెతికి తీసుకున్నది.

బుచ్చమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ కారు కిటికీ దగ్గరకు వచ్చింది. లోపలికి ఒక పొట్లం అందించింది. “పల్లిపట్టి. విమానంల వాళ్లు పెట్టేది నాలుకకు ఆనదంట, వేణు చెప్పిండు.”

“అవ్వా, మా తాతకు నీ సంగతులన్నీ చెప్తాను,” అన్నది మాలిని.

“ఏమని చెప్తవ్?”

“మన బుచ్చమ్మవ్వ ఇలా అన్నది, మన బుచ్చమ్మవ్వ ఇలా చేసింది అని...”

“ఆగు.” బుచ్చమ్మ కిటికీ అద్దం మీద చెయ్యి వేసింది. “మీ తాత నన్ను సూసిండా?”

“లేదు.”

“నా చేతి బువ్వ తిన్నడా?”

“లేదవ్వా.”

“మరి ఆయినకు నేను ‘మన’ ఎట్లయిత?” అన్నది ఆమె. పిల్లలంతా నవ్వు ఆపుకొని చూస్తున్నారు. బుచ్చమ్మ వంగి, మాలిని చెవికి మాత్రమే వినపడేటట్లు, కొంచెం సిగ్గుతో అడిగింది: “గాడికి పోయినంక ‘మా బుచ్చమ్మవ్వ’ అను బిడ్డా. మర్శిపోకుంట, మా అను.”